చచ్చిపోతే మేలన్న నలుగురు ప్రవక్తలు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: దేవుడి మాట చెవులారా విన్న ఏలీయా, ఎడారిలో కూలబడి "నా ప్రాణం తీసుకో" అని ఎందుకన్నాడు? ఆ ఘడియలో ఆయన విశ్వాసం సన్నగిల్లిందని మీ సంఘంలో చెప్పారు. ఆ జవాబు మీకు మింగుడుపడలేదు. నాకూ ఎప్పుడూ పడలేదు. ఇరవై ఏళ్ళకు పైగా వేదాంత విద్యార్థులకు హీబ్రూ పాఠం చెప్పాను. ఏటా ఎవరో ఒకరు, తరచుగా వెనక వరుసలో కూర్చున్నవారు, ఇదే ప్రశ్న కాస్త బెరుకుగా అడిగేవారు. అడగడమే తప్పేమో అన్నట్టుగా.

ముందు ఒక సంగతి గమనించండి. హీబ్రూ లేఖనాల్లో చావు కోరుకున్న ప్రవక్త ఏలీయా ఒక్కడే కాదు. మోషే కోరుకున్నాడు. యోనా కోరుకున్నాడు, అదీ ఒకే అధ్యాయంలో రెండుసార్లు. యిర్మీయా ఇంకా ముందుకు వెళ్ళి, తాను పుట్టిన రోజునే శపించాడు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చేతుల మీదుగా తయారైన నాలుగు పుస్తకాల్లో ఇదే మాట వినబడుతుంటే, దాన్ని ఒక మనిషి బలహీన ఘడియగా కొట్టిపారేయడం కుదరదు. ఆ మాట అన్నప్పుడు వాళ్ళకు దక్కిన జవాబు ఏమిటన్నదే నన్నడిగితే అసలు చూడవలసినది. ముగ్గురికి మూడు రకాల జవాబులు వచ్చాయి. ఒకరికైతే జవాబే రాలేదు.

మోషేతో మొదలుపెడదాం. సంఖ్యాకాండము 11వ అధ్యాయం. ఐగుప్తు నుంచి బయటపడి ఎడారిలో నడుస్తున్న జనానికి, దేవుడు రోజూ కురిపించిన మన్నా అనే ఆహారం తిని తిని మొహం మొత్తింది. ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపలు, కీరకాయలు, పుచ్చకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి గుర్తుకొచ్చాయి. వెట్టిచాకిరీ మరిచిపోయి వెల్లుల్లిని మాత్రం గుర్తుపెట్టుకోవడం మనుషులకే చేతనవును. ఎవరి గుడారం గుమ్మం దగ్గర వారు కూర్చుని ఏడుస్తున్నారు. అప్పుడు మోషే దేవుడితో అన్న మాటల్ని నా మాటల్లో చెబుతాను: "వీళ్ళందరినీ నేనేమైనా కడుపున మోశానా? నేను కన్నానా? పాలిచ్చే దాది చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు వీళ్ళను రొమ్మున మోయమంటావేమిటి? నాతో ఇలాగే చేసేటట్టయితే నన్ను చంపెయ్యి, ఆ దయ అయినా చెయ్యి."

ఇక్కడ హీబ్రూలో ఒక వింత ఉంది. "నువ్వు నాతో ఇలా చేస్తే" అన్న చోట దేవుణ్ణి ఉద్దేశించి వాడిన సర్వనామం స్త్రీలింగ రూపంలో ఉంది. హీబ్రూలో "నువ్వు" అనే మాటకు మగవారికి ఒక రూపం, ఆడవారికి ఒక రూపం ఉంటాయి. 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో బతికిన యూదు వ్యాఖ్యాత రాషి, మోషే బలం ఉడిగిపోయిందనడానికి ఆ రూపమే గుర్తు అన్నాడు. ఆయన ఇచ్చిన వివరణను ఆ కాలపు ఆలోచనగానే తీసుకోండి. ప్రవక్త మాట తడబడిన ఆ చోటును లేఖికులు దిద్దకుండా తరతరాలుగా అలాగే నకలు రాసుకుంటూ వచ్చారన్నది నాకు ముఖ్యం.

జవాబు ఏమొచ్చింది? మందలింపు లేదు. "నీ విశ్వాసం ఏమైంది?" అన్న ప్రశ్న లేదు. పెద్దలను డెబ్బైమందిని పోగుచెయ్యి, నీ మీదున్న ఆత్మలో కొంత వాళ్ళకు పంచుతాను, ఈ బరువు ఒక్కడివే మోయనక్కరలేదు అని వచ్చింది. మనిషి నాకు బరువు ఎక్కువైందంటే, మోసేవాళ్ళను పెంచారు. అంతే.

ఇక ఏలీయా. 1 రాజులు 19ని చాలామంది 18వ అధ్యాయం నుంచి విడదీసి చదువుతారు. అక్కడే చిక్కు. కర్మెలు కొండ మీద, బయలు అనే దేవత ప్రవక్తలు 450 మందిని ఎదిరించి, ఆకాశం నుంచి అగ్ని దిగడం చూసి, వాన వచ్చేదాకా ప్రార్థించి, అహాబు రాజు రథానికి ముందు యెజ్రెయేలు దాకా పరుగెత్తుకు వచ్చినవాడు ఈయన. మర్నాటికి నీ ప్రాణం తీయిస్తానని రాణి యెజెబెలు కబురు పంపగానే లేచి పారిపోయాడు.

ఆ పారిపోయే వాక్యంలో ఒక తమాషా ఉంది. మూల హీబ్రూలో హల్లులే రాసేవారు, అచ్చుల గుర్తులు తరవాతి కాలపు పండితులు పెట్టారు. ఇక్కడున్న నాలుగు అక్షరాలను ఒక రకంగా చదివితే "చూశాడు" అవుతుంది, ఇంకో రకంగా చదివితే "భయపడ్డాడు" అవుతుంది. మసోరా పండితులు "చూశాడు" అని అచ్చులు పెట్టారు. వాళ్ళకంటే చాలా ముందే వచ్చిన గ్రీకు అనువాదం "భయపడ్డాడు" అంటుంది. ప్రవక్త భయపడ్డాడని చదవడానికి ఎవరికో మనసొప్పలేదని నా అనుమానం. నిరూపించలేను. కానీ ఆ తరవాతి వాక్యాలన్నీ భయపడ్డవాడి వాక్యాలే. బెయేర్షెబా దాకా వెళ్ళి, సేవకుణ్ణి అక్కడ దింపేసి, ఒంటరిగా ఒక రోజు ప్రయాణమంత ఎడారిలోకి నడిచాడు. సేవకుణ్ణి వదిలెయ్యడం చిన్న విషయం కాదు. తిరిగి వచ్చే ఆలోచన ఉన్నవాడు ఆ పని చెయ్యడు.

మన తెలుగు బైబిల్లో ఆయన "బదరీవృక్షము" కింద కూర్చున్నాడు. బదరి అంటే రేగు. హీబ్రూలో ఉన్నది రోతెం, ఎడారి ఇసుకలో మొలిచే, సన్నటి పుల్లల్లాంటి కొమ్మలున్న పొద. దాని నీడ ఒక మనిషి తలకు సరిపోతే గొప్ప. మహావృక్షం కింద తపస్సు చేస్తున్న ముని బొమ్మ మనసులో ఉంటే తీసెయ్యండి. నీడ కోసం పొదలోకి తల దూర్చిన మనిషిని ఊహించుకోండి.

"ఇంక చాలు. నా పితరులకంటే నేనేమీ గొప్పవాణ్ణి కాను." ఇదీ ఆయన మాట. చెప్పి పడుకున్నాడు. దేవదూత వచ్చి తట్టి లేపి ఏం చెప్పాడో చూడండి: లే, తిను. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు. తిన్నాడు, తాగాడు, మళ్ళీ పడుకున్నాడు. దూత మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే: లే, తిను, నీ శక్తికి మించిన ప్రయాణం ముందుంది. వాక్యోపదేశం ఒక్క ముక్క లేదు. రెండు భోజనాలు, రెండు నిద్రలు. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా చేసే పనే ఆ దూత చేశాడు. తిండిలేక, నిద్రలేక మాట్లాడుతున్నవాడితో వాదన పెట్టుకోలేదు.

తరవాత హోరేబు కొండ. గాలి, భూకంపం, అగ్ని, చివరికి ఆ నెమ్మదైన స్వరం. ప్రసంగాలన్నీ ఈ స్వరం దగ్గర ఆగి పరవశించిపోతాయి. కానీ కథ చెప్పినవాడు అంతకంటే గడుసువాడు. ఆ దర్శనానికి ముందు దేవుడు "ఏలీయా, ఇక్కడేం చేస్తున్నావు?" అని అడిగాడు. "నేనొక్కడినే మిగిలాను, నా ప్రాణం కూడా తీయాలని చూస్తున్నారు" అని జవాబు. దర్శనం అయ్యాక మళ్ళీ అదే ప్రశ్న. ఏలీయా జవాబు? మొదటి జవాబే, పొల్లుపోకుండా. 10వ వచనాన్నీ 14వ వచనాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంత జరిగినా ఆయన మనసు అంగుళం కదలలేదు. అద్భుతం చూసిన వెంటనే మనిషి బాగుపడతాడన్న మన నమ్మకాన్ని ఈ కథ బలపరచదు.

పైగా "నేనొక్కడినే" అన్నది నిజం కూడా కాదు. ఓబద్యా అనే రాజోద్యోగి వందమంది ప్రవక్తలను యాభై మంది చొప్పున గుహల్లో దాచి అన్నం, నీళ్ళు పెట్టాడు. ఆ సంగతి ఏలీయాకు తెలుసు. ఓబద్యాయే స్వయంగా ఆయనతో చెప్పాడు, 18వ అధ్యాయం 13వ వచనంలో. అయినా "నేనొక్కడినే". కుంగిపోయినవాడి లెక్క అలాగే ఉంటుంది. దేవుడు కూడా "నీ లెక్క తప్పు" అని మొదలుపెట్టలేదు. ముందు పని ఇచ్చాడు: హజాయేలును, యెహూను రాజులుగా అభిషేకించు, నీ స్థానంలో ఎలీషాను ప్రవక్తగా అభిషేకించు. బయలుకు మోకరించనివారు ఏడువేల మంది ఉన్నారన్న ముక్క మాటల చివర్లో వచ్చింది. ఆ మూడు పనుల్లో ఏలీయా స్వయంగా చేసినది ఎలీషా దగ్గరకు వెళ్ళడం ఒక్కటే. మిగతా రెండూ ఎలీషా కాలంలో జరిగాయి. "ఇంక చాలు" అన్నవాడికి నీ తరవాత ఫలానావాడు ఉన్నాడని చూపించారు. దాన్ని కొందరు ఉద్యోగం ఊడపీకడమంటారు. నాకు అది సెలవు మంజూరు చేసినట్టు కనిపిస్తుంది.

యోనా సంగతి వేరు. ఆ పుస్తకంలో హాస్యం ఉంది, నవ్వడానికి మొహమాటపడకండి. ఆయన చావు కోరింది ఓడిపోయినందుకు కాదు, గెలిచినందుకు. ఒక్క వాక్యం ప్రసంగానికి నీనెవె నగరమంతా మారిపోయింది, పశువులతో సహా గోనెపట్ట కప్పుకుంది. దేవుడు శిక్ష మానుకున్నాడు. యోనాకు ఒళ్ళు మండింది. అప్పుడాయన చెప్పిన కారణం వినండి: నువ్వు కరుణ, దయ గలవాడివనీ, నీకు త్వరగా కోపం రాదనీ నాకు ముందే తెలుసు, అందుకే నీనెవెకు వెళ్ళమంటే తర్షీషుకు పారిపోయాను. ఇవి నిర్గమకాండము 34లో మోషే ముందు దేవుడు తన గురించి తాను ప్రకటించుకున్న మాటలు. ఇశ్రాయేలు ప్రజలు స్తుతిగా పాడుకునే మాటలు. యోనా వాటిని నేరారోపణగా చదివాడు. నీనెవె అష్షూరు రాజ్యపు మహానగరమనీ, ఆ అష్షూరే యోనా పుట్టిన ఉత్తర రాజ్యాన్ని తరవాత క్రీ.పూ. 722 ప్రాంతంలో తుడిచిపెట్టిందనీ పాఠకుడు గుర్తుంచుకుంటే, ఆ కోపం చిన్నపిల్లవాడి అలకలా కనిపించదు.

దేవుడి జవాబు ఇక్కడ ప్రశ్న రూపంలో వస్తుంది: నీకు కోపం రావడం న్యాయమేనా? తరవాత ఒక చెట్టు మొలిపించడం, పురుగు చేత దాన్ని కొట్టించడం. మన బైబిల్లో సొరచెట్టు. హీబ్రూలో కికాయోన్. ఆముదపు చెట్టని చాలామంది పండితుల అభిప్రాయం. ఈ చెట్టు మీద జరిగిన గొడవ చెప్పకుండా ఉండలేను. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన పండితుడు జెరోము తన అనువాదంలో అలవాటైన సొరకు బదులు ఒక తీగమొక్క పేరు పెట్టినందుకు, ఉత్తర ఆఫ్రికాలోని ఓయా పట్టణంలో, అంటే ఇప్పటి ట్రిపోలీలో, ఆరాధనలో అలజడి రేగింది. ఆ సంగతిని ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను జెరోముకు ఉత్తరం రాసి మరీ తెలిపాడు. 5వ శతాబ్దం మొదట్లో మాట ఇది. నగరం బతికిందా చచ్చిందా అన్నది వదిలేసి చెట్టు కోసం బాధపడిన యోనా గురించిన కథ మీదే, జనం చెట్టు కోసం కొట్లాడుకున్నారు. పుస్తకం ప్రశ్నతోనే ముగుస్తుంది: కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలమంది, బోలెడు పశువులు ఉన్న ఊరి మీద నేను జాలిపడకూడదా? యోనా ఏమన్నాడో రాయలేదు.

ఇప్పుడు యిర్మీయా. నా మనసు ఎక్కువగా ఉన్నది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

యెరూషలేముకు నడక దూరంలో ఉన్న అనాతోతు ఊరి యాజకుల ఇంటి పిల్లవాడు. యోషీయా రాజు ఏలుబడి 13వ ఏట, అంటే క్రీ.పూ. 627 ప్రాంతంలో, పిలుపు వచ్చింది. "నేను బాలుణ్ణి, మాట్లాడటం చేతకాదు" అన్నాడు. అక్కడి నుంచి యెరూషలేము బబులోనువారి చేతిలో కూలేదాకా, దాదాపు నలభై ఏళ్ళు, వినేవాడు లేని మాట చెబుతూ బతికాడు. పెళ్ళి చేసుకోవద్దని ఆజ్ఞ. దుఃఖమున్న ఇంటికి వెళ్ళవద్దు, విందు జరిగే ఇంటికీ వెళ్ళవద్దు. చావుకూ పెళ్ళికీ రానివాణ్ణి మన ఊళ్ళలో ఏమంటారో మీకు తెలుసు. అక్కడా అదే. సొంత ఊరివాళ్ళే చంపడానికి చూశారు. సొంత అన్నదమ్ములే మోసం చేశారు.

దేవుడితో ఆయన వాదనలు 11 నుంచి 20వ అధ్యాయం దాకా అక్కడక్కడా చెదిరి ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ఘాటైనది 20వ అధ్యాయం 7వ వచనం. ఆలయ అధికారి పషూరు ఆయన్ను కొట్టించి, రాత్రంతా బొండలో, అంటే కాళ్ళు బిగించే కొయ్యలో, వేయించిన తరవాత వచ్చే మాట అది. మన తెలుగు బైబిలు "నీవు నన్ను ప్రేరేపింపగా" అంటుంది. ఎంత మర్యాద! హీబ్రూ క్రియ అంత మర్యాదస్తురాలు కాదు. నిర్గమకాండము 22లో కన్యను మాయమాటలతో లొంగదీసుకునే మగవాడి గురించి చెప్పేటప్పుడు వాడినది ఈ క్రియే. 1 రాజులు 22లో అహాబును యుద్ధానికి మోసపుచ్చి పంపే ఆత్మ గురించీ ఇదే. అంటే యిర్మీయా అంటున్నది: నువ్వు నన్ను మభ్యపెట్టావు, నేను మోసపోయాను, నువ్వు బలవంతుడివి కనుక గెలిచావు. ఈ వచనం క్లాసులో పదం పదం విప్పి చెప్పినప్పుడు గది నిశ్శబ్దమైపోయేది. ఒక ఏడు ఒక విద్యార్థి, "అయ్యగారూ, దీన్ని మా ఊళ్ళో ఇలా చదివితే నన్ను దింపేస్తారు" అన్నాడు. పషూరు చేసినదీ అదే కదా అన్నాను.

ఆగిపోదామనుకున్నా ఆయన వల్ల కాలేదు. ఇక దేవుడి పేరెత్తను అనుకుంటే, ఎముకల్లో మూసిపెట్టిన నిప్పులా ఉంది, ఓర్చుకోలేకపోతున్నాను అన్నాడు. మాట్లాడితే నవ్వులపాలు, మాట్లాడకపోతే లోపల మంట.

అదే అధ్యాయంలో 13వ వచనం స్తుతి: యెహోవాకు పాడండి, దరిద్రుడి ప్రాణాన్ని ఆయన విడిపించాడు. ఆ వెంటనే 14వ వచనం: నేను పుట్టిన రోజు శపితమగును గాక. నడుమ ఒక్క అతుకుమాట లేదు. తరతరాల సంకలనకర్తలకు ఆ రెంటినీ తారుమారు చేసి స్తుతితో ముగించడం ఎంతసేపు పని? చెయ్యలేదు. శాపంతోనే అధ్యాయం ముగిసింది. నలుగురిలో జవాబు రానిది ఈయనకే. అంతకు ముందు 12వ అధ్యాయంలో వచ్చిన జవాబు కూడా ఓదార్పు కాదు: కాలినడకవాళ్ళతో పరుగెత్తే అలిసిపోతే, గుర్రాలతో ఎలా పోటీపడతావు?

ఈ మొరలు అక్షరాలా యిర్మీయా నోట వచ్చినవేనా అని పండితుల్లో వాదం ఉంది. సమాజం పాడుకున్న విలాపగీతాలను తరవాత ఆయన పేర చేర్చారని కొందరంటారు. ఆ పుస్తకం పాఠం కూడా ఒకటి కాదు. గ్రీకు యిర్మీయా మనకున్న హీబ్రూ దానికంటే దాదాపు ఎనిమిదో వంతు చిన్నది, అధ్యాయాల వరుసా వేరు. ఆ చిన్న పాఠానికి దగ్గరగా ఉన్న హీబ్రూ ముక్కలు మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరికాయి. నేను మొరల్లో ఎక్కువ భాగం ఆయనవేనని అనుకునే పక్షం. కాదన్నా, ఒక సమాజం తన ప్రవక్త ఇలా మాట్లాడటం తగునని ఒప్పుకుందన్నది మారదు.

ఆయన్ను మరీ కన్నీటి మనిషిగా చేసి పూజించకండి. 18వ అధ్యాయంలో శత్రువుల పిల్లలు కరువుకు చావాలని ప్రార్థించినది కూడా ఈయనే. సిద్కియా రాజు రహస్యంగా పిలిపించి మాట్లాడి, అధికారులు అడిగితే ఇంకో సంగతి చెప్పమన్నప్పుడు, అలాగే చెప్పి బయటపడ్డాడు. సగం నిజం అది. హనన్యా అనే మరో ప్రవక్త, రెండేళ్ళలో అంతా చక్కబడుతుందని చెప్పి, బబులోనుకు లొంగమనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని జనం ముందు విరగ్గొట్టినప్పుడు, "ఆమేన్, అలాగే జరగనీ" అన్న మనిషి వెంటనే తిప్పికొట్టలేక తన దారిన వెళ్ళిపోయాడు. జవాబు తరవాత వచ్చింది. వాదనలో ఓడిపోయి ఇంటికి నడిచిన ఆ ప్రవక్త నాకు చాలా ఇష్టం.

నూతి బురదలోకి ఆయన్ను దింపించిన నలుగురు అధికారుల పేర్లు 38వ అధ్యాయంలో ఉన్నాయి. వాళ్ళలో షెలెమ్యా కుమారుడు యూకలు, పషూరు కుమారుడు గెదల్యా అనే ఇద్దరి పేర్లున్న మట్టి ముద్రలు యెరూషలేములోని దావీదు పట్టణపు తవ్వకాల్లో 2005లోనూ, 2008లోనూ బయటపడ్డాయి. గోటి మీద పట్టేంత మట్టి బిళ్ళలు. కాపాడిన మనిషి కూషు దేశపు ఎబెద్మెలెకు. తాళ్ళు కోసుకోకుండా చంకల కింద పెట్టుకోమని పాత బట్టల పేలికలు కూడా దింపాడు. రాజ్యం కూలిపోతున్న వేళ ఒకడికి ఆ పేలికల సంగతి తోచింది, దాన్ని ఇంకొకడు రాసిపెట్టాడు.

యెహెజ్కేలు, హోషేయల గురించి మీరు అడగలేదు గనుక పొడిగించను. ఒక్కటి: యెహెజ్కేలు భార్య సాయంత్రం చనిపోయింది, ఏడవవద్దని ఆజ్ఞ, మర్నాటి పొద్దున ఆయన అలాగే చేశాడు. ఆ సంగతికి ఆ పుస్తకం ఇచ్చినది ఒక్క వచనం.

మీ అసలు ప్రశ్నకు వస్తే, విశ్వాసం సన్నగిల్లిందా అంటే, ఆ నలుగురూ ఆ మాట అన్నది దేవుడితోనే. మోషే, ఏలీయా, యోనా తమ చావును కూడా ఆయన దగ్గరే అడిగారు. నమ్మకం పోయినవాడు అర్జీ పెట్టడు. మోషే, ఏలీయాలకు ఏ మందలింపూ రాలేదు. మందలింపు ఉన్న చోట, యిర్మీయా 15లో, అది మాట నాణ్యత గురించి: పనికిమాలిన మాటలు వదిలి విలువైనవి పలికితే నువ్వు నా నోరవుతావు. ఇస్లాంలో ప్రవక్తలు పాపం నుంచి కాపాడబడినవారన్న సిద్ధాంతం ఉంది. మన కథల్లో మహర్షులు కోపించినా ఆ కోపానికి ఒక మహత్తు ఉంటుంది. ఆ చూపుతో ఇక్కడికి వస్తే తికమక తప్పదు.

మీ సంఘ పెద్దలతో వాదనకు దిగవద్దు. వీలుంటే వాళ్ళతో కూర్చుని 1 రాజులు 18వ అధ్యాయం 13వ వచనం చదివి, ఏమీ అనకుండా 19వ అధ్యాయం 10వ వచనం చదవండి. తరవాత యిర్మీయా 20లో 13, 14 వచనాలు, మధ్యలో ఆగకుండా, బయటికి వినబడేలా.